పార్కు అడ్డమొచ్చింది

మా రాయచెర్లులో చిన్నక్కంత అనుమానంగా సీటు మీద కూర్చునే మనిషి ఇంకొకరు లేరు. బస్సు కానీ, ఆటో కానీ, పెళ్లికి పిలవడానికి వచ్చిన చుట్టాల కారు కానీ, ఎక్కగానే ముందు చేత్తో సీటు అంచు తడుముతుంది. కుట్టు వంకరగా ఉంటే మూతి తిప్పుతుంది. వై.ఎన్.హొసకోటలో ఒకసారి ఎవరో పెద్దమనిషి కొత్త కారు కొని, గుడి ముందర పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తున్నాడట. ఈమె అద్దంలోంచి లోపలికి తొంగి చూసి, "ఎనక సీటు మా కుట్టు కాదు. ఇది రెండేండ్లకు విడిపోతాది" అని చెప్పి, తన దారిన తాను బస్సెక్కేసిందట. ఆ రోజు నుంచి ఆ పెద్దమనిషి వెనక సీట్లో పెళ్లాన్ని కూడా కూర్చోనివ్వడం లేదని హొసకోట అంతా చెప్పుకుంటుంది. నిజమో కాదో ఆ కారునే అడగాలి.

చిన్నక్క పుట్టిల్లు గడికి అవతల ఆంధ్రాలో, మెట్టినిల్లు గడికి ఇవతల కర్ణాటకలో. గడి అంటే పెద్ద గోడ ఏమీ కాదు. ఒక రాయి ఉంటుంది. రాయికి అటు రోడ్డు నల్లగా ఉంటుంది, ఇటు గుంతలుగా ఉంటుంది. అంతే. మా ఊరి కోళ్లు ఇటు మేసి అటు గుడ్డు పెట్టి వస్తాయి. పెళ్లినాడు తన రాష్ట్రం మారిందన్న సంగతి చిన్నక్కకు చాలాకాలం తెలియదు. రేషను కార్డులో పేరు కన్నడలో కనిపించినప్పుడు, ఇది ఇంకెవరిదో అని తిరిగి ఇచ్చేసిందట.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె పని శనక్కాయ చేనులోనే. అత్త హొన్నమ్మ, మొగుడు సంజీవప్ప, తను, ముగ్గురూ ఆకాశం వైపు చూస్తూ విత్తేవాళ్లు, నేల వైపు చూస్తూ పీకేవాళ్లు. తర్వాత సోలారు పార్కు వచ్చింది. ఊరి చుట్టూ ఉన్న నేలంతా కౌలుకు తీసుకుని పలకలు పరిచారు. మేం వాటిని ప్లేట్లంటాం. నిన్నటి వరకు చేను ఉన్న చోట తెల్లారేసరికి ప్లేట్లు మొలిచినట్టే ఉండేది. ఏడాదికొకసారి కౌలు వస్తుంది, చేను పని లేదు. సంజీవప్ప లాంటి మగవాళ్లకు కూర్చోవడమే ఉద్యోగమైపోయింది. ఆయన ఆ ఉద్యోగం ఒక్కరోజు కూడా మానలేదు. హొన్నమ్మ మాత్రం గొర్రెలను వదల్లేదు. చిన్నక్క పాత చీరలతో బొంతలు కుట్టింది, ఊరి రవికలు కుట్టింది. ఊళ్లో కుట్టాల్సిన రవికలు అయిపోయాక ఏం చేయాలో తోచక ఉన్న రోజుల్లో కొరియా కంపెనీ సంగతి తెలిసింది.

గడి అవతల, రొద్దం దాటినాక, కొరియా వాళ్లు ఒక పెద్ద రేకుల షెడ్డు వేశారు. అందులో కార్ల సీట్లకు కవర్లు కుడతారు. తోలులాంటి గుడ్డ వాళ్ల దేశం నుంచి ఓడలో వస్తుంది. ఇక్కడ ఆడవాళ్లు కుడతారు. ఆ కవర్లు కార్లకెక్కుతాయి, ఆ కార్లు మళ్లీ ఓడెక్కి మనకు పేర్లు కూడా నోరు తిరగని దేశాలకు పోతాయి. చిన్నక్క చేరిన మొదటి ఏడాదిలోనే సగం ప్రపంచం ఆమె కుట్టు మీద కూర్చుందని మా వీధిలో లెక్క.

హొన్నమ్మకు ఈ ఉద్యోగం మొదటి నుంచీ గిట్టలేదు.

"ఏమే, మనింట్లో కూర్చునేకి ఒక కుర్చీకి దిక్కు లేదు. సముద్రం అవతలోళ్ల ముడ్డి కింద మెత్తగుండాలని నువ్వు పోయి కుట్టేదేందే?" అనేది.

"వాళ్లు కూర్చుంటేనే కదత్తా మనం తినేది" అనేది చిన్నక్క.

"నేను గొర్రెలు మేపి తినలేదా?"

"నువ్వు తిన్నావు. సాలిందా?"

ఇలా రోజూ కాసేపు వాదించుకోకపోతే ఇద్దరికీ సంగటి దిగేది కాదు.

అసలు ఇబ్బంది ఉద్యోగంతో కాదు, దారితో. కంపెనీ బస్సు గడి రాయి దాకానే వస్తుంది. దాటి ఇటు వస్తే పక్క రాష్ట్రం పన్ను కట్టాలట. పార్కు రాకముందు మా ఊరి నుంచి గడి రాయికి చేల మధ్యన బండిబాట ఉండేది. నోట్లో వేసుకున్న వక్క నలిగేలోపు చేరిపోవచ్చు. ఇప్పుడు ఆ బాటకు అడ్డంగా పార్కు కంచె. కంచెకు మా ఊరి వైపు ఒక గేటు ఉంది, గేటుకు ఎప్పుడూ తాళం ఉంది. లోపల అద్దంలాంటి తారు రోడ్డు నేరుగా గడి వైపు పోతుంది. బయటి వాళ్లు మాత్రం కంచె చుట్టూ తిరిగి పోవాలి. హొన్నమ్మ గొర్రెలూ అంతే, కంపెనీకి పోయే ఆడవాళ్లూ అంతే.

ఆడవాళ్లకు దిక్కు రామాంజినప్ప ఆటో. ఆటో నిండితే గానీ రామాంజినప్ప కదలడు. ఆ ఆటోలో ఇక చోటు లేదని అతను ఎన్నడూ ఒప్పుకోలేదు కాబట్టి అది ఎప్పటికీ నిండదు. వారంలో సగం రోజులు వీళ్లు గడి రాయి దగ్గరికి చేరేసరికి కంపెనీ బస్సు దుమ్ము మాత్రమే కనిపించేది. అప్పుడు ఇంకో బండి పట్టుకుని పోయేసరికి అక్కడ లైను మొదలైపోయేది. లైనులో ఒకరి కుట్టు అయితేనే ఇంకొకరికి పని. ఒక మిషను ఖాళీగా ఉంటే వెనకున్న వాళ్లంతా చేతులు కట్టుకుని కూర్చోవాలి.

సరిగ్గా అప్పుడే కంపెనీకి కొరియా నుంచి కొత్త పెద్ద సారు వచ్చాడు. ఆయన ఇంటిపేరు పార్కు. వాళ్ల దేశంలో ఆ ఇంటిపేరు మన దగ్గర ఆంజనప్పలంత మందికి ఉంటుందట. కంపెనీ ఆఫీసులో వాళ్లు ఆయన్ని పార్కు సారు అనేవాళ్లు. మా ఊళ్లో పార్కు అంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఆయన పేరు పార్కని మా ఊరికి తెలియదు. చిన్నక్క కూడా అప్పటిదాకా ఆయన్ని 'కొత్త సారు' అనే అనుకునేది.

ఒకరోజు పార్కు సారు ఆలస్యంగా వచ్చే మా ఊరి ఆడవాళ్లను పిలిపించాడు. పక్కన నయన అనే అమ్మాయి ఉంది. మైసూరు వైపు పిల్ల, ఆఫీసులో పని. కన్నడ, ఇంగ్లీషు బాగా వచ్చు. తెలుగు మాత్రం కాస్త కుంటుతుంది. మా వైపు ఎన్నడూ చూసింది లేదు.

"దినామూ యాకె లేటు?" అని అడిగింది నయన.

చిన్నక్క ముందుకొచ్చింది. "మా తప్పు కాదు మేడం. పార్కు అడ్డమొస్తాది. పార్కు లేకుంటే అందరికన్నా ముందు మేమే వస్తాం."

నయన ఒకసారి సారు వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఎవరు అడ్డం?"

"పార్కు మేడం. అది వచ్చినప్పట్నుంచీ మాకిదే పీడ."

అంత పెద్ద సారును ఆయన ముందే పట్టుకుని 'అది' అంటున్నదేమిటని నయనకు చెమటలు పట్టాయి. ఆయన ఏమంటున్నదని అడిగితే, పీడ అన్నమాట మింగేసి, మిగతాది ఇంగ్లీషులో చెప్పింది. మీవల్లే ఆలస్యమవుతున్నదట అని. పార్కు సారు ఈ దేశానికి రావడమే మొన్నమొన్న. అంతలోపల తను ఈ ఆడవాళ్ల దారికి ఎలా అడ్డం పడ్డాడో ఆయనకు ఎంత ఆలోచించినా తట్టలేదు. కోప్పడలేదు. ఎలా అని మళ్లీ అడిగించాడు.

"చెప్తే తెలీదు మేడం. ఒకతూరి వచ్చి చూడమను" అంది చిన్నక్క.

ఆదివారం వస్తానన్నాడు. నయన మాత్రం వాళ్లను బయటికి తీసుకొచ్చి నెమ్మదిగా చెప్పింది. ఈ నెలాఖరులోపు ఈ ఆలస్యం సంగతి తేలకపోతే గడి ఇవతలి వాళ్లందరినీ తీసేసి, షెడ్డు పక్క ఊళ్లవాళ్లను పెట్టుకుంటారని. చివర్లో, "పార్కు సార్ మంచివారు, ఆదివారం మర్యాదగా మాట్లాడండి" అని కూడా చెప్పింది. సారు పేరు పార్కని చిన్నక్కకు తెలిసింది అప్పుడే. కానీ ఉద్యోగం పోతుందన్న మాట ముందు ఆ పేరు సంగతి చెవిలోకి పోయింది గానీ తలలోకి పోలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి మొగుడితో, "ఆదివారం పార్కు సారు మనూరికి వస్తాడంట. రోంత ఇంటిముందర బాగు చేసిపెట్టు" అంది, పొయ్యి రాజేసుకుంటూ.

సంజీవప్ప ఇంటిముందర ఊడ్చలేదు. ఊళ్లోకి పోయాడు. టీ అంగడి దగ్గర ఆయన చెప్పినది 'పార్కు సారు వస్తాడు' అనే. అది పాల డెయిరీ దగ్గరికి చేరేసరికి 'పార్కు పెద్ద సారు' అయింది. ఊరి ఆ చివరికి పోయేసరికి ఆయన ఢిల్లీ నుంచి బయల్దేరాడు. ఆ మాట తిరిగి సంజీవప్ప ఇంటికి వచ్చేసరికి ఆయన కౌలు రెండింతలు చేసి, గొర్రెలకు గేటు తీసి, ఇంటికొక ఫ్యాను ఇచ్చేశాడు. సంజీవప్ప తను మొదలుపెట్టిన మాటను తనే కొత్తగా విని సంతోషపడ్డాడు.

ఆదివారం చిన్నక్క ఇంటిముందు షామియానా లేచింది. దండ తెచ్చారు, లేత టెంకాయలు దించారు. ఇంతమంది ఎందుకొచ్చారని చిన్నక్క అడిగితే, "ఊరి మర్యాద మే" అన్నాడు సంజీవప్ప. ఆమె టీ పెట్టడానికి లోపలికి పోయింది. కారు ఆగింది. అందులోంచి కొరియా ఆయన, నయన దిగారు. విదేశీ మొహం చూసి ఎవరూ తడబడలేదు.

"పార్కులో ఏ దేశపోడన్నా ఉంటాడు లేప్పా. ప్లేట్లు యాడనుంచో వచ్చినప్పుడు మనుషులు రారా" అన్నాడు మారన్న. మారన్న మా ఊళ్లో మైకు లేకపోయినా మైకు ముందున్నట్టే మాట్లాడే మనిషి. దండ వేసి ఆయనే మొదలుపెట్టాడు.

"సారూ, పార్కు వచ్చినాక మా ఊళ్లో సెక ఎక్కువైండాది. రాత్రిళ్లు కూడా గోడలు కాలతాండాయి."

పార్కు సారుకు తెలుగు రాదు. తన పేరు మాత్రం వినిపించింది. తల వంచి నమస్కారం లాంటిది పెట్టాడు. అది వాళ్ల దేశంలో క్షమించమనే పద్ధతట.

ఊరికి ప్రాణం లేచొచ్చింది. ఇంత వంగే ఆఫీసరును రాయచెర్లు ఎన్నడూ చూడలేదు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. పార్కు వల్ల పక్షులు రావడం లేదన్నారు, పార్కు వల్ల చుట్టాలు దారి తప్పుతున్నారన్నారు, పార్కు మెరుపుకు కళ్లు చెదిరి ఒకాయన బైకు మీద నుంచి పడ్డాడన్నారు. ఆయన పడింది వేరే కారణానికని అందరికీ తెలుసు. తన పేరు వినపడ్డ ప్రతిసారీ సారు ఇంకాస్త వంగాడు. ఆయన వంగే కొద్దీ కష్టాలు పెరిగాయి. నయన మధ్యలో ఏదో అడగబోతే, "నువ్వుండమ్మా, సారుకు అర్థమైతాండాది, చూడు ఎట్ల బాధపడ్తాండాడో" అన్నాడు మారన్న.

ఇక హొన్నమ్మ లేచింది. కర్ర పట్టుకుని సారు ముందుకే వచ్చి నిలబడింది.

"యోవ్, నీ పార్కు నా గొర్రెల దారి మూసేసింది. ఒక్క గేటుండాది. దానికి తాళమేసి ఎవురి కోసం దాచిపెట్టినావప్పా? నీకేమన్నా గొర్రెలుండాయా?"

గొంతు విని చిన్నక్క టీ గ్లాసులతో బయటికొచ్చింది. ఒక క్షణం చూసింది. కంపెనీలో తను అన్న మాట, నయన ముఖం, సారు ఇప్పుడు వంగుతున్న తీరు, అన్నీ కలిసి అప్పుడు తలలోకి పోయాయి. గ్లాసులు మొగుడి చేతిలో పెట్టి, "మేడం, సారును పిల్చుకొని రోంత మిద్దె ఎక్కండి" అంది.

మిద్దె మీద నుంచి చూస్తే ఎంత దూరం చూసినా ప్లేట్లే. చిన్నక్క వాటివైపు చెయ్యి చాపింది. "ఇది పార్కు." తర్వాత సారు వైపు చూపింది. "ఈయన పార్కు." మళ్లీ ప్లేట్ల వైపు, కంచె వైపు, తాళం వేసిన గేటు వైపు, ఆ వెనక గడి రాయి వైపు వరుసగా చూపించింది. "అడ్డమొచ్చేది ఇది మేడం. ఈయన కాదు."

నయన మెట్ల మీద కూలబడి నవ్వింది. నవ్వు ఆపుకుని సారుకు చెప్పడానికి ఆమెకు ఒక టీ తాగేంతసేపు పట్టింది. ఆయన విన్నాడు. మెడలో దండతో ఆ ప్లేట్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చిన్నక్కను అడిగాడు. "నో అడ్డం?"

"నో అడ్డం సార్" అంది చిన్నక్క.

కిందికి దిగి నయన అసలు సంగతి చెప్పగానే షామియానా కింద గాలి తీసినట్టయింది.

"ఇంతసేపూ సీట్ల కంపెనీ ఆయనకా మన గోడు చెప్పుకునింది?" అన్నాడు మారన్న. దండ అప్పటికే వేసేశారు కాబట్టి తీసుకోలేకపోయారు. కొట్టని టెంకాయలు మాత్రం ఎవరివి వాళ్లు ఇంటికి పట్టుకుపోయారు. "పెండ్లాం మాట సగమే ఇని ఊరంతా చాటేదేంది సంజీవప్పా, మిగతా సగం ఇనేకి కౌలు అడుగుతావా?" అని పోతూపోతూ అన్నవాళ్లు అన్నారు.

పార్కు సారు మాత్రం గేటు దాకా నడిచిపోయి చూసి వచ్చాడు. మరుసటి రోజు నయన చేత సోలారు పార్కు ఆఫీసుకు ఫోను చేయించాడు. బుధవారం తమ ఆఫీసరు వచ్చి గేటు చూస్తాడని వాళ్లు చెప్పారు. గేటు తీస్తే ఉద్యోగాలు ఉంటాయి, లేకపోతే నెలాఖరుకు సరి. నయన ఈ మాట దాచలేదు.

మంగళవారం సాయంత్రం చిన్నక్క వీధిలో నిలబడి అందరికీ వినపడేలా చెప్పింది. "రేపు పార్కు సారు గేటు తావికి వస్తాడంట. ఈతూరి మన పార్కు సారే. నేను పనికి పోవల్ల, లేటైతే అదొక మాట. మీరెవురన్నా పోయి మాట్లాడండి."

"పోమ్మా తల్లీ. ఆ సీట్లాయనకు ఇంగొక దండ వేసే ఓపిక లేదు" అన్నాడు మారన్న.

సంజీవప్ప ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. బుధవారం పొద్దున్నే హొసకోటలో పనుందని పోయాడు. ఏం పనో హొసకోటలో ఎవరికీ తెలియదు.

ఇక్కడి నుంచి జరిగింది గేటు గార్డు చెప్పిన మాట. వెంకటమ్మనహళ్లి నుంచి వచ్చే మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటుంది, అదొక్కటే అతని లోపం. సోలారు ఆఫీసరు జీపులో వచ్చాడు. ఊరి వాళ్లు ఒక్కరూ లేరు. కంచె పక్కన గొర్రెలు, గొర్రెల మధ్య హొన్నమ్మ.

"ఊరోళ్లు ఎవురూ రాలేదా అవ్వా?"

"నేనుండా కదప్పా."

ఆఫీసరు విషయం చెప్పాడు. గేటుకు గార్డు ఒక్కడే. పొద్దున ఒకసారి మాత్రం తను తెరిపించగలడు. ఆటో అయితే తారు రోడ్డు మీద నేరుగా అవతలికి పోతుంది, గార్డు గేటు దగ్గరే ఉంటే చాలు. గొర్రెలైతే ప్లేట్ల కింద దూరతాయి, తీగలుంటాయి, గార్డు వాటి వెంట అవతలి దాకా నడవాలి. అప్పుడు గేటు దగ్గర మనిషి ఉండడు, ఆటోకు తీయడం కుదరదు.

"రెండిట్లో ఒకటే అయితాదవ్వా. యాదో నువ్వే చెప్పు. రాసుకొని పోతా."

ఆ గేటు మూసిన రోజు నుంచి దాన్ని తిట్టకుండా హొన్నమ్మ ముద్ద మింగింది లేదు. గొర్రెలు తాళం వైపు చూస్తూ నిలబడ్డాయి అంటాడు గార్డు, అది మాత్రం అతను కలిపినదేమో. ఆమె ఒడిలోంచి సంచి తీసింది. ఆకు తుడిచింది, సున్నం రాసింది, వక్క వేసుకుంది, నమిలింది. ఆఫీసరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"ఆటోకే తెరువప్పా" అంది. గొర్రెలను తోలుకుని కంచె చుట్టూ నడిచిపోయింది.

మర్నాడు పొద్దున రామాంజినప్ప ఆటో గేటులోంచి పోయింది. కంపెనీ బస్సు ఇంకా రాలేదు. ఆడవాళ్లు గడి రాయి మీద కూర్చుని దానికోసం చూడటం అదే మొదటిసారి. గార్డు గేటు తీస్తూ చెప్పిన మాట చిన్నక్క రోజంతా కుట్టులో పెట్టుకుని కుట్టింది. సాయంత్రం అత్త పక్కన కూర్చుంది.

"గొర్రెలకు అడగొచ్చు కదత్తా. అన్నేండ్లు తిట్టుకుంటివి."

"గొర్రెలకు షిఫ్టుండాదా ఏమన్నా? చుట్టూ తిరిగొస్తాయి లే" అంది హొన్నమ్మ. తర్వాత, పప్పులో ఉప్పు లేదని తిట్టింది. ఆ రోజు వాదన అంతటితో అయిపోయింది.

మా ఊరికి ఈ సంగతి తెలియడానికి వారం పట్టింది. అసలు పార్కు సారు వచ్చిపోయాడని, ఊరంతా ఇంట్లో కూర్చుందని విని మారన్న రెండు రోజులు టీ అంగడికి రాలేదు. వచ్చి హొన్నమ్మను అడిగాడు, చెప్పొచ్చు కదా అని. "నా కోడలు వీధిలో నిలబడి చెప్పింది కదప్పా. నీకు దండ బరువైండె" అంది ఆమె.

తర్వాతి ఆదివారం చిన్నక్క పాత చీరలు రెండు చింపి, మడతల మీద మడతలు పెట్టి, కంపెనీలో సీటు అంచుకు వేసే రెండు వరసల కుట్టు వేసి, ఒక మెత్త కుట్టింది. కంచె మలుపులో హొన్నమ్మ గొర్రెలను ఆపి కూర్చునే బండ ఒకటి ఉంది. దాని కొలతకు సరిగ్గా ఉంది మెత్త. ఎప్పుడు పోయి కొలిచిందో తెలియదు.

హొన్నమ్మ దాన్ని తిప్పి చూసింది. కోడలు చేసినట్టే అంచు వెంట బొటనవేలు నడిపించింది. "ఎన్నేండ్లకు విడిపోతాదే ఇది?"

"నువ్వు కూర్చుంటే కదత్తా విడిపోయేకి. రోంత కూర్చో."

అరుగు మీద నుంచి సంజీవప్ప ఇది చూశాడు. తనకూ ఒకటి కుట్టమన్నాడు.

"నీకు వద్దప్పా. ఇంగ మెత్తగా ఉంటే నువ్వు లేస్తావా?" అంది చిన్నక్క.